లా చదువుకు జాతీయ వర్సిటీ మేలా, మన హనుమకొండ మేలా?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మా ఆఫీసుకు కేసుల వాళ్లతో పాటు పిల్లల తల్లిదండ్రులు కూడా వస్తుంటారు. "వకీలమ్మా, మా బిడ్డ లా చదువుతనంటున్నది. ఎక్కడ ఏస్తే మంచిది?" అని అడుగుతారు. పన్నెండేళ్లుగా హనుమకొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను కాబట్టి తోచింది చెప్పి పంపేదాన్ని. ఈ ఏడు మాత్రం అడిగింది సొంత తమ్ముడు. పరకాలలో ఉంటాడు. వాడి బిడ్డకు ఈ ఏడే ఇంటర్ అయిపోయింది. జాతీయ లా వర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్, మన రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ రెండూ రాసింది. క్లాట్‌లో హైదరాబాద్ దగ్గరి జాతీయ లా వర్సిటీ నల్సార్ కొద్దిలో తప్పిపోయింది కానీ వేరే రాష్ట్రంలోని ఒక జాతీయ లా యూనివర్సిటీలో సీటు వచ్చేటట్టు ఉంది. లాసెట్ కూడా బాగానే రాసింది, హనుమకొండలో సీటుకు ఢోకా లేదు.

"గన్ని పైసలు పెట్టి చదివిపిస్తే తిరిగి ఎప్పుడొస్తయి అక్కా?" అన్నాడు తమ్ముడు. పిల్లేమో "అత్తా, పెద్ద యూనివర్సిటీ పేరుంటేనే విలువ కదా" అంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఒక ఆదివారం కూర్చొని లెక్క రాసుకున్నాం.

ముందు ఖర్చు. శామీర్‌పేటలోని నల్సార్ గానీ, వేరే రాష్ట్రాల్లోని జాతీయ వర్సిటీలు గానీ, ఫీజు, హాస్టల్, మెస్ కలుపుకుంటే ఏడాదికి దగ్గర దగ్గర 3 లక్షలు. ఐదేళ్లకు 15 లక్షలు. రానుపోను రైలు ఖర్చులు, లాప్‌టాప్, ఇంటర్న్‌షిప్‌కు ఢిల్లీయో ముంబయో పోతే అక్కడి గది అద్దె అన్నీ దీనికి పైన. హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ అయినా, లాసెట్ సీటుతో చేరే ప్రైవేటు కాలేజీ అయినా ఆ ఫీజులో పదోవంతుకు మించదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు సరిగ్గా ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు సర్కారు వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ డబ్బు సర్కారు నుంచి ఆలస్యంగా వస్తుందన్నది అందరికీ తెలిసిందే కాబట్టి సర్టిఫికెట్లు తెచ్చుకునే నాటికి చేతిలో కొంత పెట్టుకోవాలి. పరకాల నుంచి బస్సులో వచ్చిపోవచ్చు. ఆడపిల్లలకు మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో టికెట్ లేదు. ఫీజు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, చిల్లర ఖర్చులు అన్నీ కలిపి మా లెక్కలో ఐదేళ్లకు లక్షన్నర తేలింది.

15 లక్షల పక్కన లక్షన్నర చూస్తే ఇంక ఆలోచించేదేముంది అనిపిస్తుంది. కానీ చదువు ఖర్చును అక్కడితో ఆపి చూడటమే చాలామంది చేసే పొరపాటు. లా డిగ్రీ చేతికి రాగానే సంపాదన మొదలవదు. కోర్టు ప్రాక్టీసులో మొదటి మూడేళ్లు ఇంటి నుంచి తెచ్చుకొని తినాల్సిందే. ఎవరు ఏ కాలేజీ అన్నా నేను ముందు అడిగేది ఈ మూడేళ్ల గురించే.

నేను చేరిన సీనియర్ ఆఫీసులో మొదటి ఏడాది నాకు జీతం లేదు. పండక్కి చీర, అప్పుడప్పుడు ఆటో ఖర్చులు, అంతే. పొద్దున్నే ఆఫీసుకు పోయి ఆ రోజు కేసుల కట్టలు దింపి, డైరీలో ఏ కేసు ఏ కోర్టులో ఉందో రాసుకొని, పదిన్నరకల్లా హాల్లో ఉండాలి. సీనియర్ ఇంకో కోర్టులో వాదిస్తుంటే ఇక్కడ లేచి వాయిదా అడగాలి. సాయంత్రం గుమస్తా పక్కన కూర్చొని ఫైలింగ్ నేర్చుకోవాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. అది సూచన మాత్రమే, కట్టుబాటు కాదు. నాకు తెలిసిన మేరకు మన వైపు అంత ఇచ్చే ఆఫీసులు బహు తక్కువ.

ఇప్పుడు అప్పు సంగతి. తమ్ముడి దగ్గర 15 లక్షలు లేవు, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాల్సిందే. 15 లక్షలకు 10 శాతం వడ్డీ వేసుకొని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 20 వేల కిస్తీ పడుతుంది. చదివే ఐదేళ్లలో పెరిగే వడ్డీ దీనికి అదనం. మామూలుగా చదువు అయిపోయిన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయి. అంటే సీనియర్ ఇచ్చే ఆటో ఖర్చులతో నెట్టుకొచ్చే సమయంలోనే బ్యాంకు వాళ్లు 20 వేలు అడుగుతారు. అలాంటప్పుడు ఆ పిల్ల కోర్టుకు రాలేదు. రావాలనే ఉన్నా కార్పొరేట్ ఉద్యోగంలో చేరక తప్పదు. ఏ పని చేయాలన్నది అప్పు తేలుస్తుంది. కార్పొరేట్ పనే ఇష్టమైతే ఇబ్బంది లేదు. జడ్జి కావాలనో, ఊరి జనానికి కోర్టులో నిలబడాలనో లా చదివిన పిల్లకు మాత్రం అది పెద్ద దెబ్బ.

మా పిల్లకు జడ్జి కావాలని ఉంది. ఇక్కడ ఇంకో విషయం చూడాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధన మళ్లీ వచ్చింది. అంతకుముందు డిగ్రీ పట్టాతోనే పరీక్ష రాసి జడ్జి అయినవాళ్లున్నారు. ఇకమీదట నల్సార్‌లో చదివినా, హనుమకొండ సుబేదారిలోని కాకతీయ లా కాలేజీలో చదివినా ఆ మూడేళ్లు నల్లకోటు వేసుకొని తిరగాల్సిందే. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు కూడా క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. జూనియర్ సివిల్ జడ్జి మూలవేతనం నెలకు 77,840 రూపాయలతో మొదలవుతుంది. ఆ కుర్చీ దాకా చేరాలంటే మధ్యలో ఈ మూడేళ్లు ఎవరు పోషిస్తారన్నదే తేల్చుకోవాలి. నెలకు 10 వేలు అనుకున్నా 36 నెలలకు 3 లక్షల 60 వేలు. హనుమకొండ చదువు లక్షన్నరకు అది కలిపితే 5 లక్షల చిల్లర. అప్పు లేకుండా మోయగలిగిన బరువు అది.

వకీలుగా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఖర్చు మాత్రం తగ్గింది, అది మంచి విషయం. మేము చేరినప్పుడు వేలకు వేలు కట్టించుకున్నారు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ వసూళ్లు చెల్లవని చెప్పి, చట్టంలో ఉన్నట్టు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మాత్రమే తీసుకోవాలంది. ప్రాక్టీసు కోసం పాస్ కావాల్సిన ఆల్ ఇండియా బార్ పరీక్ష ఫీజు మళ్లీ వేరే.

జాతీయ వర్సిటీల గొప్పను నేను తక్కువ చేయను. నల్సార్‌లో చదివిన జూనియర్లతో హైకోర్టులో ఒకటి రెండు కేసుల్లో కలిసి పనిచేశాను. ఒక తీర్పును చదివి అందులోంచి తమకు కావలసిన పేరాను పట్టుకునే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. పక్కన కూర్చున్న వాళ్లంతా చదివే పిల్లలే కావడం, మూట్ కోర్టులు (ఊహా కేసులు వాదించే పోటీలు), లైబ్రరీ, ఇంగ్లీషు, దేశమంతా పరిచయాలు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. పెద్ద లా ఫర్ములు క్యాంపస్‌కే వచ్చి తీసుకుంటాయి, మొదటి ఏడాది జీతమే 10 లక్షలు దాటే ఉద్యోగాలుంటాయి. కంపెనీల ఒప్పందాలు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), ఢిల్లీ సుప్రీంకోర్టు ప్రాక్టీసు మీద మనసుంటే, నల్సార్‌లో సీటొస్తే కళ్లకద్దుకొని చేరండి. ఇంట్లో స్తోమత ఉంటే ఇంక చెప్పేదే లేదు. అయితే ఆ జీతాలు అన్ని జాతీయ వర్సిటీల్లో, అందరికీ రావు. కొత్తగా వచ్చిన వర్సిటీల్లో ఫీజు నల్సార్ లాగానే ఉంటుంది, వచ్చే కంపెనీలు అన్ని ఉండవు. చేరేముందు ఆ వర్సిటీలో చివరి సంవత్సరం పిల్లలు ఇద్దరిని పట్టుకొని, మీ బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందని అడగండి. బ్రోచర్‌లో రాసిన పెద్ద జీతం ఒక్కరిదో ఇద్దరిదో అయి ఉంటుంది.

మన కాలేజీలలో లోటు ఏమిటో కూడా దాచను. క్లాసులు పలచగా ఉంటాయి. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి కానీ చాలామంది పరీక్షలప్పుడే కనిపిస్తారు. గైడు చదివి పాసయ్యేవాళ్లు ఎక్కువ. ఇంగ్లీషు మీద మీరే కష్టపడాలి, ఎవరూ నేర్పరు. పాత పుస్తకాల్లో ఇంకా పాత శిక్షాస్మృతి ఐపీసీ సెక్షన్లే ఉంటాయి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తున్నది కాబట్టి కొత్త బేర్ యాక్ట్‌లు (చట్టం పాఠం ఉన్న పుస్తకాలు) మొదటి ఏడాదే కొనుక్కోవాలి.

ఆ లోటును పూడ్చేది కోర్టు దగ్గరగా ఉండటం. సుబేదారి నుంచి అదాలత్ సెంటర్ నడిచి పోయేంత దూరం. 2021 డిసెంబరులో ప్రారంభించిన కొత్త కోర్టు భవనాలు అక్కడే ఉన్నాయి. ఐదేళ్ల కోర్సు వాళ్లు మొత్తం 20 వారాలు, మూడేళ్ల కోర్సు వాళ్లు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలన్నది నిబంధన. బయట చదివే పిల్లలు దాన్ని సెలవుల్లో ముగిస్తారు. ఇక్కడ చదివే పిల్ల క్లాసులు లేని ప్రతి రోజూ వచ్చి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. 2022 జూన్ 2 నుంచి కొత్త జిల్లాలకు కూడా జిల్లా కోర్టులు వచ్చాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, ఎక్కడికక్కడ వకీళ్లు కావాలి.

పని ఎలాంటిదో ఒకటి చెబుతాను. మొన్న నర్సంపేట వైపు నుంచి ఒక ముసలాయన ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకొచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోయిన సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న, రిజిస్టర్ కాని అమ్మకం పత్రం), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసే రికార్డు) నకలు, పాత శిస్తు రసీదులు. ఆ భూమి నలభై ఏళ్లుగా ఆయన దున్నుకుంటున్నాడు, పట్టా మాత్రం ఇంకొకరి పేరు మీద ఉంది. అప్పటి భూమి రికార్డుల పోర్టల్ ధరణిలో ఆయన పేరే లేదు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చాక ఆర్డీఓ, కలెక్టర్ల దగ్గర అప్పీలు చేసుకునే దారి తెరుచుకుంది. ఆ పహాణీలో పట్టాదారు ఎవరు, కబ్జా (భూమి మీద ఉన్నది) ఎవరిది, ఏ ఏడు పేరు మారింది, ఇవి చదవడం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మా సీనియర్ గుమస్తా వేలు పెట్టి ఒక్కో గడి చూపిస్తూ నేర్పాడు. ఉత్తర తెలంగాణలో సివిల్ కేసుల్లో పెద్ద భాగం భూమి తగాదాలే. సాక్షి తెలుగులో, అదీ మన యాసలో చెబుతాడు. ఆ మాటలోంచి అవసరమైనది రాబట్టడం ఇక్కడ కూర్చుంటేనే వస్తుంది. జడ్జి పోస్టుకైనా తెలుగు వచ్చి ఉండాలి.

కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన కె. బాలగోపాల్ తర్వాత లా చదివి, హైకోర్టులో పేదల తరఫున వాదించారు. లా చదువు గురించి మాటొస్తే ఓరుగల్లులో ఆయన పేరు ఇప్పటికీ తలుచుకుంటారు.

మిగతావి క్లుప్తంగా. ఉస్మానియా లా కాలేజీ 1899 నుంచి ఉన్నది, హైకోర్టు అదే ఊళ్లో ఉంది. హైకోర్టు ప్రాక్టీసు చేయాలనుకుంటే లాసెట్‌లో మొదటి ఆప్షన్‌గా పెట్టుకోండి, హాస్టల్ దొరక్కపోతే గది అద్దె లెక్క వేసుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు జాతీయ వర్సిటీలంత లేదా అంతకు మించి తీసుకుంటాయి. అంత పెట్టగలిగితే మళ్లీ ఒక ఏడాది చదివి క్లాట్ రాయించడం నయం. ఇంటర్ తర్వాత ఐదేళ్లా, డిగ్రీ తర్వాత మూడేళ్లా అంటే, లా మీదే మనసున్న పిల్లకు ఐదేళ్లదే మేలు, ఒక ఏడాది కలిసొస్తుంది.

పరీక్షల తేడా కూడా చూసుకోండి. రెండింట్లోనూ 120 ప్రశ్నలే. క్లాట్ మొత్తం ఇంగ్లీషులో, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు పోతుంది. లాసెట్ గంటన్నర, తెలుగులో కూడా ప్రశ్నలుంటాయి, తప్పుకు కోత లేదు. క్లాట్ కౌన్సెలింగ్ ముందే అయిపోతుంది, అక్కడ డబ్బు కట్టాకే లాసెట్ సీట్ల సంగతి తేలుతుంది. కాబట్టి ఇంట్లో మాట ముందే అనుకోవాలి.

మా పిల్ల రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు కోర్టుకు తీసుకుపోయాను. ఒక హత్య కేసులో డాక్టరు క్రాస్ ఎగ్జామినేషన్ నడుస్తున్నది, భోజనం వేళ దాటినా లేవలేదు. ఆ సాయంత్రం బస్టాండుకు పోతూ "అత్తా, సోమవారం మళ్ల రావచ్చా?" అంది. హనుమకొండలోనే చేరడానికి ఒప్పుకుంది. తమ్ముడు ఫీజు కోసమని చీటీ ఎత్తి తెచ్చిన డబ్బులో 3 లక్షలు, పిల్ల ఎన్‌రోల్ అయ్యే ఏడాదికి చేతికొచ్చేటట్టు, దాని పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ వేశాడు.