జాగ్రత్త: కంబర్లాండ్–పిట్స్‌బర్గ్ సైకిల్ ప్యాకేజీ కొనేముందు

అమెరికాలో మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దాకా ఉన్న సైకిల్ బాట గ్రేట్ అలెఘనీ పాసేజ్ మీద 150 మైళ్ళూ తొక్కిస్తామంటూ సైకిలు, వ్యాను, బస అన్నీ కలిపి అమ్ముతున్న ఒక ప్యాకేజీ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. డబ్బు కట్టేముందు కాస్త ఆగండి.

బిల్లులో ‘ట్రైల్ పర్మిట్’ అని ఒక పద్దు ఉంది. ఆ దారికి పర్మిటే లేదు. పాత రైలు మార్గం మీద వేసిన బాట, ఎవరైనా ఊరికే వెళ్ళొచ్చు.

మార్చి తేదీలకూ బుకింగ్ తీసుకుంటున్నారు. అసలు చిక్కు ఇక్కడే. కంబర్లాండ్ నుంచి 22వ మైలు దగ్గరున్న బిగ్ శావేజ్ సొరంగం పొడవు దాదాపు 3,300 అడుగులు. లోపలి చెమ్మ గడ్డకట్టి గోడలు దెబ్బతినకుండా చలికాలమంతా దాని తలుపులు మూసేస్తారు. మామూలుగా ఏప్రిల్ వస్తేగానీ తెరవరు. పక్కనుంచి పోదామంటే తేలికైన దారి లేదు.

‘అంతా దిగుడే’ అన్న ప్రకటన సగం నిజం. మొదటి 24 మైళ్ళూ ఎడతెగని ఎక్కుడే. 2,392 అడుగుల ఎత్తున ఉన్న ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ (నదుల నీళ్ళను రెండు వైపులకు విడదీసే కొండగట్టు) దాటాకే దిగుడు మొదలు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు మొదటిరోజే రాక్‌వుడ్ దాకా, అంటే 44 మైళ్ళు పెట్టడం దారుణం. పిట్స్‌బర్గ్ వైపు నుంచి ఎక్కితే వాలు చాలా తక్కువ.

సైకిళ్ళ సంగతి ఇంకా ఘోరం: 25 మి.మీ. టైర్ల రోడ్ బైకులు ఇస్తున్నారు. ఫొటోల్లోని నున్నటి తారు హోమ్‌స్టెడ్, మెకీస్‌పోర్ట్‌ల పాత ఉక్కు మిల్లుల వైపు, చివరి మైళ్ళది. మిగతా దారంతా దాదాపు సున్నపురాతి పొడే. వాన పడితే సన్న టైరు అందులో దిగబడుతుంది. తడిసిన పొడి బూడిదరంగు పేస్టులా చైనుకు పట్టి, రిమ్ బ్రేకుల రబ్బర్లను అరగదీస్తుంది. కనీసం 35 మి.మీ. టైర్లు, డిస్క్ బ్రేకులు, మడ్‌గార్డులు అడగండి. రెండు ట్యూబులు, పంపు, టైర్ లీవర్లు వెంట ఉండాలి.

వ్యాను ఎక్కడిదాకా వస్తుందో, సైకిలుకు విడిగా ఛార్జీ ఉందో లేదో ఈమెయిల్‌లో రాయించుకోండి. ‘లేకపోతే ఆమ్‌ట్రాక్ రైల్లో వెళ్ళండి’ అంటే నమ్మి ఊరుకోకండి. అందులో సైకిలుకు విడిగా రిజర్వేషన్ కావాలి, చోటు కొద్దే.

ఇంత తెలిసీ కొంటామంటే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle)లో మాత్రం పంపొద్దు, తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. క్రెడిట్ కార్డుతో కడితే కనీసం బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు.