పాత ఇంటి చిమ్నీకి సున్నం పాయింటింగ్: ఖర్చెంత, ఆరేళ్ల తర్వాత ఎలా ఉంది

మా ఇల్లు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, హెడింగ్లీ వైపు ఉంది. 1890లలో ఎర్ర ఇటుకతో కట్టిన వరస ఇళ్లలో ఒకటి, కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత కట్టడాల రూపు కాపాడే ప్రాంతంలో ఉంది. ఆరేళ్ల కిందట దాని చిమ్నీకి సున్నం మాలుతో మళ్లీ పాయింటింగ్, అంటే ఇటుకల మధ్య సందులు నింపే పని, చేయించాం. ఇలాంటి ఇళ్లు కొన్న మనవాళ్లు మొదట అడిగేది ఖర్చే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బిల్లు మొత్తం 4,200 పౌండ్లు. అందులో స్కాఫోల్డింగ్‌కి (పరంజాకి) 950, పాత మాలు గీకి సున్నంతో పాయింటింగ్ చేసినందుకు 1,400, పెచ్చులూడిన ఇటుకలు మార్చడానికి 320, పొగగొట్టాల చివర ఉండే మట్టి కుండలు సరిచేసి వాటి చుట్టూ కొత్త మాలు పెట్టడానికి 380, చిమ్నీ కప్పును కలిసే చోట సీసపు రేకు మార్చడానికి 450. మిగిలిన 700 వీటి మీద 20 శాతం వ్యాట్. చిమ్నీ పక్కింటితో ఉమ్మడిది కావడంతో సగం వాళ్లు పెట్టుకున్నారు. ఇవి అప్పటి ధరలు, ఇప్పుడు ఇంకా ఎక్కువే అడుగుతారు. ఇంటి ఇన్సూరెన్స్ వస్తుందని లెక్క వేసుకోవద్దు, పాతబడి అరిగినదానికి వాళ్లు డబ్బివ్వరు.

ఈ లెక్కలో నేను గట్టిగా చెప్పేది స్కాఫోల్డింగ్ గురించి. పైన రెండు సందులు పూడ్చినా, చిమ్నీ అంతా చేయించినా దాని ఖర్చు మారదు. అందుకే ఒకసారి కట్టించాక సీసపు రేకు, కుండలు, వాడని పొగగొట్టానికి గాలి ఆడే మూత అన్నీ అప్పుడే చేయించేయాలి. ఉమ్మడి చిమ్నీ అయితే పక్కింటివాళ్లతో ముందే మాట్లాడి, ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1996 నాటి పార్టీ వాల్ చట్టం ఉమ్మడి గోడలకు వర్తిస్తుంది. మామూలు పాయింటింగ్‌కి నోటీసు అక్కర్లేదు కానీ చిమ్నీ పడగొట్టి కట్టాల్సివస్తే అది వేరే కథ.

ఇక సున్నమా, సిమెంటా? మాకు వచ్చిన కొటేషన్లలో ఒకటి ఇందులో సగం కూడా లేదు. నిచ్చెనలేసి, సిమెంటుతో, ఒక్కరోజులో అయిపోతుందన్నారు. మేం వద్దన్నాం. కారణం మా చిమ్నీలోనే కనబడింది. మాకన్నా ముందున్నవాళ్లెవరో పడమటి వైపు సిమెంటు కొట్టించారు. ఆ వైపు ఇటుకల ముఖాలే ఊడిపోయాయి, సిమెంటు మాత్రం గళ్లు గళ్లుగా నిలబడి ఉంది. ఆ కాలపు ఇటుక మెత్తన. సందులు సున్నంతో ఉంటే వాన తడి వాటిలోంచి ఆరిపోతుంది. గట్టి సిమెంటుతో మూసేస్తే సన్నటి పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి గానీ బయటికి రావడానికి ఇటుక తప్ప దారి ఉండదు. చలికాలంలో ఆ తడి గడ్డకట్టి ఉబ్బుతుంది, పెచ్చు లేస్తుంది. దానికి తోడు బొగ్గు మసిలోని సల్ఫేట్లు తడిసి సిమెంటు మాలును ఉబ్బిస్తాయి. పాత చిమ్నీలు ఒక పక్కకి వంగడానికి అదొక కారణం.

మా మేస్త్రీ వాడింది ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అనే రకం సున్నం, పదునైన గరుకు ఇసుకతో. మన దగ్గర పాత మండువా ఇళ్లకు గానుగలో తిప్పి వాడిన సున్నం చూసినవాళ్లకు ఈ మాలు కొత్తగా ఏమీ అనిపించదు. సున్నం బస్తా సిమెంటు కంటే ఖరీదే, కానీ ఒక చిమ్నీకి పట్టేది కొద్ది బస్తాలే. అసలు ఖర్చు కూలిది. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు తెగిపోతాయని ఆయన సుత్తి, ఉలితోనే అంగుళం లోతు దాకా గీకాడు. తర్వాత తడిపి, నింపి, కాస్త బిగిశాక గట్టి బ్రష్షుతో కొట్టి, తడి గోనెపట్టాలు కప్పి ఉంచాడు. 5 డిగ్రీల లోపు చలిలో ఈ పని చేయకూడదు, కాబట్టి వేసవిలోనే పెట్టుకోండి. మంచి సున్నం మేస్త్రీలకు వసంతంలోనే బుకింగ్‌లు నిండిపోతాయి. ఎవరిని అడగాలో తెలియకపోతే 1877లో కవి, డిజైనర్ విలియం మోరిస్ వాళ్లు పెట్టిన స్పాబ్ అనే పాత కట్టడాల పరిరక్షణ సంస్థ పాత ఇళ్ల గురించి ఉచితంగా సలహా ఇస్తుంది.

ఇప్పుడెలా ఉందంటే, సందులు చెక్కుచెదరలేదు. మిగిలిన పాత ఇటుకల్లో కొత్తగా పెచ్చులు లేవలేదు. అటక గదిలో చిమ్నీ గోడ మీది గోధుమరంగు మరక మాత్రం వెంటనే పోలేదు. లోపలి చెమ్మ ఆరడానికి ఏడాదికి పైగా పట్టింది, ఆ తర్వాతే రంగు వేయించాం. తొందరపడి ముందే వేయిస్తే మసి మరక మళ్లీ పైకి తేలుతుంది. నచ్చనిది ఒకటుంది: కుండల చుట్టూ పెట్టిన మాలులో వెంట్రుకంత పగులు వచ్చింది. వాన, గాలి అన్నిటికన్నా ఎక్కువ తగిలేది అక్కడే. ఇప్పటికి నీరు దిగడం లేదు గానీ, పక్కింటివాళ్లు కప్పు పలకలు మార్పించే ఆలోచనలో ఉన్నారు. వాళ్ల స్కాఫోల్డింగ్ ఉన్నప్పుడే మా వాటా ఇచ్చి అదీ చేయించేస్తాం.

1919కి ముందు కట్టిన ఇల్లయితే ఈ డబ్బు దండగ కాదని నా అభిప్రాయం. మొదటి నుంచీ గట్టి ఇటుక, సిమెంటుతోనే కట్టిన తర్వాతి కాలపు ఇళ్లకు సున్నం కోసం అదనంగా పెట్టాల్సిన పనిలేదు.