రెండు శాక్సఫోన్లు, ఒక వయొలిన్, పియానో లేదు

‘కిన్స్‌మెన్’ 2008లో ‘పై రికార్డింగ్స్’ (Pi Recordings) అనే కంపెనీ వేసిన జాజ్ ఆల్బమ్. నేను తెప్పించుకున్నది మాత్రం జాజ్ కోసం కాదు, అట్ట మీద వయొలిన్ విద్వాంసురాలు ఏ. కన్యాకుమారి పేరు చూసి. మాది విజయనగరం, ఆవిడా అక్కడివారే. చిన్నప్పుడు మూడేళ్ళు వయొలిన్ మీద సరళీ స్వరాలు, జంట స్వరాలు గీకి, పదో తరగతి పరీక్షలొచ్చాక పెట్టె మూసేసినదాన్ని. ఆ పాపానికి ఆవిడ పేరు ఎక్కడ కనిపించినా వింటాను.

మొదటిసారి బస్సులో చెవుల్లో పెట్టుకుని విన్నా. గోలగోలగా అనిపించింది. తీసేశా. ఆదివారం ఇంట్లో స్పీకర్‌లో పెడితే వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది: ‘‘సన్నాయి ఎవరిదే?’’

ఆవిడ అడిగింది కద్రి గోపాల్‌నాథ్ వాయిస్తున్న చోట. అది సన్నాయి కాదమ్మా, శాక్సఫోన్ అంటే నమ్మలేదు. ఆవిడ చెవి తప్పేమీ కాదు. ఆయన పుట్టింది మంగళూరు దగ్గర నాదస్వర విద్వాంసుల ఇంట్లోనే. కుర్రతనంలో మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ చూసి మోజుపడి, మీటల వాయిద్యంలోంచి గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, రాబట్టడానికి ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. రెండో శాక్సఫోన్ రుద్రేష్ మహంతప్పది. ఆల్బమ్ ఆయనదే. కన్నడ తల్లిదండ్రులు, పెరిగింది అమెరికాలో కొలరాడోలో. చదువుకునే రోజుల్లో ఆయనకి వాళ్ళన్న ఆటపట్టించడానికి ‘శాక్సఫోన్ ఇండియన్ స్టైల్’ అన్న రికార్డు ఇచ్చాడట. అది కద్రిగారిదే. వేళాకోళం కాస్తా ఇంత దూరం వచ్చింది.

ఇద్దరివీ ఆల్టో శాక్సఫోన్లే. ఎవరిది ఏది అని మొదట తికమకపడ్డాను. తర్వాత తెలిసిపోయింది. కద్రిగారు స్వరం మీద నుంచి స్వరం మీదికి జారతారు. రుద్రేష్ మెట్టుమెట్టూ ఎగిరి దిగుతాడు, నాదం కూడా కాస్త కటువు.

జాజ్‌లో తరచూ ఉండే పియానో ఇందులో లేకపోవడం ఎంత మేలు చేసిందో ‘కల్యాణి’ వింటే తెలుస్తుంది. కల్యాణి రాగంలో గాంధారం, నిషాదం (గ, ని) నిలకడగా ఉండవు, ఊగుతాయి. అదే రాగంలో త్యాగరాజ కీర్తన ‘నిధి చాల సుఖమా’ పాడించేటప్పుడు మా మాస్టారు ఆ ఊపు రాలేదనే బెత్తం పట్టేవారు. పియానో మీటకి ఒకటే శ్రుతి, దానికి ఊగడం చేతకాదు. అది వెనకనుంచి స్వరాలు గుత్తులుగా దిగ్గొడుతూ ఉంటే, ముందు వాయించేవాళ్ళ గమకం అపస్వరంలా వినబడుతుంది. ఇక్కడ ఆ బెడద లేదు. రెజ్ అబ్బాసీ గిటార్ ఉంది గానీ, నా చెవికి అది దారివ్వడం తెలిసిన గిటార్. అక్కడక్కడా మరీ మెరుపులు మెరిపించబోతాడు, సరే.

నాకు నచ్చనిదీ ఉంది. పూవలూర్ శ్రీజీ మృదంగం, రాయల్ హార్టిగన్ డ్రమ్స్ ఒకేసారి ఊపందుకుంటే మృదంగం ఎడమ వైపు గుంకీలు, ఆ గుమ్మని జారే మంద్ర నాదాలు, నాకు వినబడలేదు. ఇంత పెద్ద విద్వాంసుణ్ణి పిలిచి ఆ పని చేయకూడదు. ఇంకొకటి, అంతా ఒక్క బిగిన వినలేం. నేను రెండు విడతలుగా విన్నాను.

పాటల మధ్య ఒక్కొక్కరూ ఒంటరిగా వాయించే చిన్న చిన్న ఆలాపనలు పెట్టారు. గిటార్‌కి ఒకటి, బాస్ వాయించిన కార్లో డి రోసాకి ఒకటి. ‘కన్యా-ఆలాప్’ వచ్చేసరికి నేను చేతిలో గిన్నె కింద పెట్టేశాను. కమాను మార్చిన చప్పుడే లేదు, తీగ లాగినట్టు సాగుతుంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మనం కచేరీలో కూర్చుని ఆవిడ ఆలాపన అరగంట వినే జాతి. ఇది ఇలా మొదలై అలా అయిపోయింది.

‘‘అంతేనా?’’ అంది అమ్మ. మళ్ళీ పెట్టాను.

కొత్తగా వినేవాళ్ళు ముందు ‘కల్యాణి’, తర్వాత ‘గణేశ’ వినండి. బస్సులో మాత్రం వద్దు.