పాళీ, నల్ల సిరా, నీటిరంగులు: ఐదేళ్లు మనుషుల బొమ్మలు వేశాక

నల్ల సిరాతో గీసి, పైన నీటిరంగు వేసి మనుషుల బొమ్మలు వేయడం మొదలుపెట్టి ఐదేళ్లయింది. ఇల్లు నెల్లూరులో, ఆదివారమైతే మైపాడు సముద్రం ఒడ్డున ఉంటాను. ఎన్నో కొన్నాను. చివరికి సంచిలో నిలిచినవి ముంచి గీసే పాళీ కలం, క్యామెల్ వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంక్, పన్నెండు కేకుల (గట్టి రంగు బిళ్లల) పెట్టె, ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచె, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం. డబ్బు ముందు దేనికి పెట్టాలంటే కాగితానికే అంటాను.

మొదట్లో మామూలు డ్రాయింగ్ పుస్తకంలో వేసేవాణ్ణి. గీత బాగానే వచ్చేది. తడి తగలగానే కాగితం అప్పడంలా ఉబ్బేది, చెంప మీద వేసిన రంగు పల్లానికి జారి మడుగు కట్టేది. నూలు పీచుతో చేసిన కాగితం తడిని కాసేపు పట్టి ఉంచుతుంది. నుదుటి వెలుగులోంచి చెంప నీడలోకి రంగు మెల్లగా కరగాలంటే ఆ కాసేపే కావాలి. మే నెలలో మా మేడ మీద కూర్చుంటే, మామూలు కాగితం మీద కుంచె ఎత్తేలోపే రంగు ఆరి అంచు కట్టేస్తుంది. వానాకాలంలో ఇంకో బాధ. కాగితానికి సైజింగ్ అనే జిగురు పూత ఉంటుంది. తేమకు అది చెడితే రంగు పైన నిలవదు, అద్దుడు కాగితం సిరాని పీల్చినట్టు పీల్చేస్తుంది. ఒక తుఫాను వారం గాలికి వదిలేసి మంచి ప్యాడ్ మొత్తం పోగొట్టుకున్నాను. అప్పటినుంచి జిప్ కవర్లోనే ఉంచుతున్నా. రంగుల పెట్టె కూడా తడి ఆరకుండా మూస్తే బూజు పడుతుంది.

సిరా విషయంలో దెబ్బ తిన్నాను. సీసా మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్న ఒక ఫౌంటెన్ పెన్ సిరాతో మా పెద్దమ్మ ముఖం గీసి, రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున రంగు వేయగానే కనురెప్పల గీతలు కరిగి బుగ్గలంతా బూడిద రంగయింది. ఆ బొమ్మ పోయినందుకు ఇప్పటికీ బాధే. వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకుల్లో లక్కలాంటి జిగురు ఉంటుంది కాబట్టి బాగా ఆరాక నీటికి కదలదు. అదే జిగురు ఫౌంటెన్ పెన్‌లో గడ్డకట్టి దాన్ని చంపేస్తుంది, అందుకే పాళీ. కొత్త పాళీకి నూనె పూత ఉంటుంది, సబ్బుతో కడిగితేనే సిరా పట్టుకుంటుంది. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, వాడిన వెంటనే తుడవాలి.

ఒంటి రంగుకి స్కిన్ టింట్ ట్యూబు కొనకండి. ఆ గులాబి ఛాయ మన ఒంటి మీద పౌడరు అద్దినట్టుంటుంది. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి రంగు), నీడలకి సియన్నాలో అల్ట్రామరీన్ బ్లూ కలిపితే చాలు. నల్లటి భుజం మీద ఎండ పడ్డచోట కాగితం తెల్లగా వదిలి, పక్కనే పలచగా నీలం తాకించండి. ఆకాశం నిజంగానే అక్కడ కనిపిస్తుంది.

వెలుగున్న వైపు గీత తెంచడం నేర్చుకున్నది మా నెల్లూరు రొట్టెల పండగలో. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో ఒకామె పిల్లలు కావాలని మొక్కుకునే సంతాన రొట్టె రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. నీళ్ల తళుకుకి ఆమె మోచేతి అంచు నాకు కనిపించనే లేదు. కనిపించని అంచు గీయలేదు, అక్కడ రంగు ఒక్కటే ఆగింది. ఇప్పటికీ నా బొమ్మల్లో అంత బతికున్న చెయ్యి లేదు.

కాళ్లు మాత్రం చాలాకాలం రాలేదు. నిలబడిన మనిషికి గొంతు గుంటనుంచి నిలువు గీత దించితే బరువు మోసే పాదం దగ్గర పడాలి, ఆ లెక్క తెలుసు. మైపాడులో వల తాడు లాగే ఆయన్ని గీస్తే ఆ గీత మడమల వెనక ఎక్కడో పడింది. కళ్లకి కనిపించినట్టే గీశాను, అయినా బొమ్మలో మనిషి వెనక్కి పడిపోతున్నాడు. లాగడం అయ్యాక ఆయన వచ్చి చూశాడు.

"తాడు అట్టా వేలాడదబ్బయ్యా. అది బిగిసుంటేనే నేను నిలబడేది."

పక్క పేజీలో మళ్లీ వేశాను. ఈసారి ముందు తాడు గీశాను, పాళీ ఎత్తకుండా, కాగితం అంచునుంచి ఆయన నడుము దాకా ఒక్కటే గీత.