అమ్మానాన్నలతో ఫ్లోరెన్స్: చూసినవి, కొన్నవి, పనికొచ్చిన ఇటాలియన్ ముక్కలు

రోమ్ నుంచి వెనిస్ పోతూ మధ్యలో ఫ్లోరెన్స్‌లో ఓ పూట దింపి, పెద్ద చర్చి ముందు ఫోటో తీయించి మళ్ళీ బస్సెక్కించే ప్యాకేజీలు మనవాళ్ళు చాలామంది తీసుకుంటారు. నన్నడిగితే వెనిస్‌లో ఒక రాత్రి తగ్గించుకోనైనా ఇక్కడ కనీసం మూడు రాత్రులు ఉండండి, ఎందుకంటే పాత ఊరు చిన్నది, అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి, కానీ పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా డే ట్రిప్ జనమే నిండిపోతారు, ఊరు ఊరులా కనపడేది పొద్దున్నే, మళ్ళీ రాత్రి భోజనాల వేళకే.

అమ్మానాన్న గుంటూరు నుంచి జర్మనీలో మా ఇంటికి వచ్చినప్పుడు, మా తమ్ముణ్ణి కూడా కలుపుకుని వెళ్ళాం. నాన్నకి మోకాళ్ళ నొప్పి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు, కాబట్టి నేను చెప్పేదంతా ఆ లెక్కలోనే చదవండి.

ముందు బస. స్టేషన్ (సాంతా మరియా నొవెల్లా) దగ్గర హోటళ్ళు కాస్త చవక, సామాను లాక్కెళ్ళే బాధ లేదు, ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రామ్ కూడా అక్కడికే వస్తుంది, కానీ రాత్రిళ్ళు గోల. నదికి అవతల ఒల్త్రార్నో వైపు ఇళ్ళు బాగుంటాయి, చిన్న చిన్న వర్క్‌షాపులు, స్థానికులు తినే హోటళ్ళు అటే ఎక్కువ. చిక్కేంటంటే పాత బిల్డింగుల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, వాళ్ళు రెండో అంతస్తు అంటే మన కాళ్ళకి మూడు అంతస్తుల మెట్లలా ఉంటాయి. బుక్ చేసే ముందే "చె లషెన్సోరే?" (లిఫ్ట్ ఉందా) అని మెసేజ్ పెట్టండి. టూరిస్ట్ ట్యాక్స్ మనిషికి రాత్రికి ఇంత అని విడిగా కట్టించుకుంటారు, అది మోసం కాదు. కారు అద్దెకి తీసుకుని ఊరి మధ్యకి మాత్రం పోకండి, పర్మిట్ లేని బండ్లకి కెమెరాలున్నాయి, ఫైన్ నెలల తర్వాత ఇంటికొస్తుంది.

చూడాల్సినవాటిలో దువోమో (ఆ పెద్ద చర్చి) లోపలికి టికెట్ లేదు, లైను మాత్రం ఉంటుంది. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చీరలో ఉన్న అమ్మని దర్జాగా పంపించారు, షార్ట్స్‌లో ఉన్న తమ్ముణ్ణి ఆపేశారు. బ్రునెల్లెస్కీ కట్టిన ఆ గోపురం 1436లో పూర్తయింది, ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు, టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. నాన్న కింద బల్ల మీదే కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తా అన్నారు. పైకి వెళ్ళొచ్చాక నాకనిపించింది ఏంటంటే, గోపురం ఎక్కితే గోపురం కనపడదు కదా! దాన్ని చూడాలంటే పియాత్సాలె మికెలాంజెలో గుట్ట మీదికి వెళ్ళాలి. 12, 13 నంబర్ బస్సులు పైదాకా వెళ్తాయి, పైన చూడటానికి పైసా టికెట్ లేదు, ఊరంతా, నది, వంతెనలు అన్నీ ఒకేసారి కనపడతాయి. పెద్దవాళ్ళతో వెళ్తే మెట్ల డబ్బులు మిగుల్చుకుని ఇక్కడే ఓ సాయంత్రం గడపండి.

అకడెమియా మ్యూజియంలో దావీదు విగ్రహం 5.17 మీటర్ల ఎత్తు. వేరేవాళ్ళు చెక్కడం మొదలుపెట్టి వదిలేసిన రాయిని మికెలాంజెలో తీసుకుని 1504కి పూర్తి చేశాడు. బయట సిన్యోరియా చౌక్‌లో ఉన్నది నకలు, దాని ముందు ఫోటో దిగి అసలుదే చూశాం అని వెళ్ళిపోయేవాళ్ళు బోలెడుమంది. ఉఫీత్సీ మ్యూజియం మాత్రం పెద్దది, అన్ని గదులూ చూడాలని పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు, బొత్తిచెల్లి చిత్రాల గదులు, లియొనార్దో బొమ్మలు చూసి మిగతా వాటిలో నడుచుకుంటూ వచ్చేయండి. ఈ బొమ్మలన్నీ ఊళ్ళోనే ఉండటానికి కారణం ఊరిని ఏలిన మెదిచీ వంశంలో ఆఖరి ఆవిడ, ఆనా మరియా లుయీజా. 1737లో రాసుకున్న ఒప్పందంలో మా ఇంటి సేకరణ ఏదీ ఫ్లోరెన్స్ దాటకూడదు అని షరతు పెట్టింది. అది చెప్తే అమ్మకి మ్యూజియం మొత్తంలో ఆవిడే నచ్చింది. రెండు మ్యూజియంలకీ సోమవారం సెలవు, నెలలో మొదటి ఆదివారం ఫ్రీ, ఫ్రీ రోజు జనాన్ని చూస్తే మాత్రం డబ్బులు కట్టి వెళ్ళడమే నయం.

ఇంక షాపింగ్. పొంతె వెక్కియో వంతెన మీద ఒకప్పుడు మాంసం కొట్లుండేవి, 1593లో ఊరినేలే గ్రాండ్ డ్యూక్ వాటిని తీయించి కంసాలులకి ఇచ్చాడు, ఇప్పటికీ వరసగా బంగారం షాపులే. అమ్మ ప్రతి అద్దం ముందు ఆగింది. పనితనం చాలా సన్నగా బాగుంటుంది కానీ ఎక్కువగా 18 క్యారెట్ సరుకు, 750 ముద్ర ఉంటుంది, మన 916 కాదు. "ఈ మజూరీకి మన ఊళ్ళో ఇంకో జత గాజులొస్తాయి" అని తేల్చేసింది. బంగారం పెట్టుబడిగా చూసేవాళ్ళు కొనొద్దు, డిజైన్ కోసం చిన్న కమ్మలైతే సరే.

తోలు సామాను మాత్రం కొనొచ్చు. సాన్ లొరెంజో బజారు బండ్ల మీద బేరం నడుస్తుంది, కానీ అన్నీ అక్కడ తయారైనవి కావు. "వేరా పెల్లే" అంటే నిజం తోలు, ఆ ముద్ర ఉన్నా సరే లోపలి కుట్టు, అంచు చూసుకోండి. సాంతా క్రోచె చర్చి వెనకాల స్కువోలా దెల్ కువోయో అని తోలు పని నేర్పే బడి ఉంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అనాథ పిల్లలకి పని నేర్పడానికి అక్కడి సన్యాసులు పెట్టించారు. పనిచేస్తుంటే దగ్గర నించుని చూడొచ్చు. ధర ఎక్కువే, బేరం లేదు, నేను ఒకే ఒక్క పర్సు కొన్నా, డబ్బుకి తగ్గ పని. రోడ్డు మీద దుప్పటి పరిచి అమ్మే బ్రాండ్ బ్యాగులు మాత్రం ముట్టుకోవద్దు, నకిలీ కొన్నవాళ్ళకి కూడా అక్కడ ఫైన్ ఉంది. కొందరు నేల మీద బొమ్మలు పరిచి పెడతారు, పొరపాటున తొక్కితే డబ్బులడుగుతారు, కింద చూసుకుని నడవండి.

ఇటాలియన్ మనకి పలకడం తేలిక, వాళ్ళ త, ద మన త, ద లాగే, ఒత్తులు కూడా ఒత్తి పలుకుతారు. షాపులో అడుగు పెట్టగానే "బువొన్‌జోర్నో", సాయంత్రమైతే "బువొనసేరా" అనాలి, అనకుండా సరుకు ముట్టుకుంటే మొహం మాడ్చుకుంటారు. "క్వాంతో కోస్తా?" ఎంత, "ఎ త్రొప్పో కారో" మరీ ఎక్కువ, "పొస్సో అవేరె ఉనో స్కొంతో?" ఏమైనా తగ్గిస్తారా. వెంటపడే సేల్స్‌మన్‌కి "స్తో సోలో గ్వర్దాందో, గ్రాత్సియే", ఊరికే చూస్తున్నా అని. బస్సులో దారి కావాలంటే "పెర్మెస్సో". "దొవే ఇల్ బాన్యో?" బాత్రూమ్ ఎక్కడ, నాన్న ఇది ఒక్కటే నేర్చుకున్నారు, అన్నిటికంటే ఎక్కువ వాడింది కూడా అదే.

తిండి విషయంలో "సోనో వెజెతరియానా" (మగవాళ్ళు చివర 'నో' అనాలి) అంటే సరిపోదు, "సెంత్సా కార్నే, సెంత్సా పెషే, సెంత్సా ఉవోవా" అని మాంసం, చేప, గుడ్డు విడివిడిగా చెప్పండి. రిబొల్లీతా అని కూరగాయలు, బీన్స్, రొట్టె వేసి ఉడికించే సూప్ ఉంటుంది, కొన్నిచోట్ల మాంసం నీళ్ళు పోస్తారు, "చె బ్రోదో ది కార్నే?" అని అడగాలి. పాప్పా అల్ పొమొదోరో, అంటే టమాటా రొట్టె ముద్ద, అమ్మకి బాగా నచ్చింది. బండి మీద లంప్రెదొత్తో అని కనపడితే అది ఆవు కడుపు, తెలీక కొనకండి. అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు, మా గోంగూర పచ్చడికి అదే కరెక్ట్ జోడీ అయింది. నిలబడి తాగితే కాఫీ చవక, కూర్చుంటే రేటు మారుతుంది. "కొపెర్తో" (బల్ల దగ్గర కూర్చున్నందుకు ఛార్జీ) అని బిల్లులో మనిషికింత ఉంటుంది, మెనూలో రాసే ఉంటుంది. "ఇల్ కోంతో, పెర్ ఫవోరే" అని అడిగేదాకా బిల్లు తేరు, మర్చిపోయారనుకోవద్దు. వంతెన దగ్గర ఓ షాపులో ధర బోర్డు లేని ఐస్‌క్రీమ్‌కి భోజనం డబ్బులు గుంజారు, గుట్టలా పోసి రంగులు మెరుస్తున్న చోట అసలు ఆగకండి. మంచినీళ్ళు సిన్యోరియా చౌక్‌లో నెప్ట్యూన్ ఫౌంటెన్ పక్కన కుళాయిలో ఫ్రీ.

ఒక పూట మిగిలితే పీసా, రైల్లో గంట. "అందాతా ఎ రితోర్నో" అంటే రానూపోనూ. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి.

ఇండియా పాస్‌పోర్ట్ మీద వచ్చి ఇండియాలోనే ఉండేవాళ్ళకి ఒకే షాపులో 70 యూరోలు దాటితే ట్యాక్స్ వెనక్కి వస్తుంది, యూరప్‌లో ఉంటున్న మాకు రాదు కాబట్టి బిల్లు అమ్మ పాస్‌పోర్ట్ మీద రాయించాం. ఆ ఫారం, కొన్న సరుకు చెక్-ఇన్ సామానులో వెయ్యకుండా చేతిలో ఉంచుకోవాలి, యూరప్ వదిలే ఆఖరి ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ వాళ్ళు చూపించమంటే చూపించాలి.