క్లోన్‌జిల్లా: అడిగిందే అడిగి నన్ను బతికించింది

నాలుగేళ్లుగా ఇంట్లోవీ, బంధువులవీ పాత హార్డ్ డిస్కులను క్లోన్‌జిల్లాతోనే కొత్త ఎస్ఎస్‌డీల్లోకి ఎక్కిస్తున్నాను. ఒక డిస్కును ఉన్నదున్నట్టు ఇంకోదానిలోకి కాపీ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మొదట్లో విసుగొచ్చేది. బొమ్మలుండవు, మౌస్‌తో పనిలేదు, అంతా బాణం గుర్తులూ ఎంటరూ. పైగా చివర్లో ‘కానివ్వమంటారా?’ అని ఒకసారి అడిగి, వై కొట్టాక మళ్లీ అదే అడుగుతుంది. చాదస్తం అనుకున్నాను.

ఆ చాదస్తమే ఓ రాత్రి నా కొంప నిలబెట్టింది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి కేబినెట్ తెరవడానికే గంట పట్టింది. మర్నాడు జీఎస్టీ రిటర్న్ వేయాలి. ట్యాలీ డేటా అంతా ఆ 500 జీబీ డిస్కులోనే ఉంది, కొత్తదీ 500 జీబీయే. తెరమీద ఆ రెండు డిస్కులకూ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు కనిపించాయి. పక్కనే మోడల్ నంబర్లున్నాయి గానీ ఆ చిరాకులో ఎవరు చదువుతారు? మొదటి ప్రశ్నకు వై కొట్టేశాను. రెండోసారి అడిగినప్పుడు ఎందుకో పైకి చూశాను. చెరిగిపోయే డిస్కు అంటూ చూపించిన దాంట్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్లున్నాయి, అంటే విండోస్ వాడుకునే డిస్కు భాగాలు! అప్పుడే ప్యాకెట్ విప్పిన ఎస్ఎస్‌డీలోకి అవెలా వస్తాయి? ఖాళీ డిస్కును తీసుకెళ్లి నా లెక్కల మీద పరచబోతున్నానన్నమాట. ఎన్ కొట్టి, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను.

ఆ ఊపులో కనిపించినవాళ్లందరికీ దీన్నే వాడమని చెప్పాను. తర్వాత గాజువాక నుంచి మా బావమరిది తన ల్యాప్‌టాప్, చవగ్గా దొరికిందని 480 జీబీ ఎస్ఎస్‌డీ పట్టుకొచ్చాడు. పాతది 500. క్లోన్‌జిల్లా ఒప్పుకోలేదు. మామూలు పద్ధతిలో కొత్త డిస్కు పాతదానికి సమానంగానో, పెద్దగానో ఉండాలి.

“ఉన్నది 90 జీబీయే కదా, 480లో పట్టదేటి బావా?”

అడగడం న్యాయమే. విండోస్‌లో సీ డ్రైవ్‌ను కుదించి, క్లోన్‌జిల్లా ఎక్స్‌పర్ట్ మోడ్‌లో డిస్కు సైజు చూడొద్దని చెప్పి, పార్టిషన్లను దామాషాలో వేయించేసరికి రెండు సాయంత్రాలు పోయాయి. అలాంటిచోట డబ్బులిచ్చి కొనే సాఫ్ట్‌వేర్ సుఖమేమో. ఇదే పని చేసే మాక్రియం అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌కు 2024 జనవరి నుంచి సపోర్ట్ కూడా లేదు.

నాకైతే ఇదే చాలు. ఏడాదికోసారి పని, ట్యాలీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో వేరే ఉంటుంది. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం నేను ప్రయత్నించలేదు. బావమరిదికి, ఈసారి డిస్కు కొనేముందు ఫోన్ చేయమని చెప్పాను.