తెలుగు పనికి పదహారేళ్లుగా వాడుతున్న పాత లేజర్ ప్రింటరు

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గరలో మాది చిన్న డీటీపీ సెంటరు. విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, 2 ఎంబీ మెమరీతో వచ్చిన లేజర్ ప్రింటరు: పదహారేళ్లుగా శుభలేఖల ప్రూఫులు, అఫిడవిట్లు, దేవుని కడప బ్రహ్మోత్సవాల కరపత్రాలు అన్నీ వీటి మీదే.

ఇంగ్లిషు పనిలో దీనికి వంక పెట్టడానికి లేదు. తెలుగు దగ్గరే చిక్కు. తెలుగు అక్షరాలు ప్రింటరులో ఉండవు, పని పంపిన ప్రతిసారీ కంప్యూటరే ఫాంటును దాని మెమరీలోకి దించాలి. ఈ సంగతి తెలియక నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

ఒక మే నెలలో ఒక సంఘం వారి 40 పేజీల నివేదిక తీస్తున్నాను. పన్నెండో పేజీ దగ్గర కరెంటు పోయింది. కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంది. ప్రింటరును మాత్రం యూపీఎస్‌కు కలపలేదు, టోనరును కాగితానికి అంటించే హీటరు లాగే కరెంటును అది మోయలేదు. కరెంటు వచ్చాక పదమూడో పేజీ నుంచి తెలుగు మాయమై, పొంతన లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వరసగా రాసాగాయి. "రేపే సమావేశం అన్నా, ఎలా?" అని సంఘం తరఫున వచ్చినాయన అడుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. వైరస్ అనుకుని ఫాంట్లన్నీ తీసేసి రెండుసార్లు మళ్లీ ఎక్కించాను. ఫలితం లేదు.

కారణం తర్వాత అర్థమైంది. కంప్యూటర్ ఒక పనికి ఫాంటును మొదట్లో ఒక్కసారే పంపి, ఆ తర్వాత పేజీలకు అక్షరాల సంకేతాలే పంపుతుంది. ప్రింటరు ఆగిపోగానే దించిన ఫాంటు చెరిగిపోతుంది. ప్రతి భాష అక్షరాలకూ విడి సంకేతాలిచ్చే యూనికోడ్‌కు ముందున్న తెలుగు ఫాంట్లలో తలకట్టు, కొమ్ము, వత్తు అన్నీ ఇంగ్లిషు సంకేతాల స్థానాల్లోనే కూర్చుంటాయి కనుక, ఫాంటు పోతే ఆ సంకేతాలే అచ్చవుతాయి. మిగిలిన పనిని రద్దు చేసి, ప్రింటరును ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, ఆగిన పేజీ నుంచి కొత్త పనిగా పంపితే చాలు.

రెండో ఇబ్బంది మెమరీ. ఒకే కరపత్రంలో ఆరు ఫాంట్లు పెడితే సగం పేజీ ఒక కాగితం మీద, సగం ఇంకో కాగితం మీద వచ్చేది. ఫాంట్లను గ్రాఫిక్స్‌గా ముద్రించే ఎంపిక ప్రింటరును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లో ఉంది, కానీ పేజీ పేజీకీ నిరీక్షణే. అంగుళానికి 600 చుక్కల నుంచి 300కు తగ్గిస్తే మెమరీ భారం నాలుగో వంతవుతుంది, నిజమే. అయితే చిన్న అక్షరాల్లో "లక్ష్మి" కింద మ వత్తు పూడిపోయి నల్లని మచ్చలా కనిపించింది. శుభలేఖలో పెళ్లికూతురి పేరు అలా ఇవ్వడానికి నాకు మనసు ఒప్పలేదు. చివరికి మెమరీ ముక్క కొని వేశాను. వేసినా మార్పు కనిపించలేదు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో కొత్త మెమరీ అంకె నమోదు చేశాకే పేజీ నిండుగా వచ్చింది.

కొత్తగా కొనేవారికి ఈ జోడీని చెప్పను. ఎక్స్‌పీకి 2014లోనే మద్దతు ఆగిపోయింది, మా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కలపను కూడా. ఇప్పటికే ఉన్నవారు మాత్రం తొందరపడి తీసేయకండి, అచ్చు ఇప్పటికీ కంటికి నిండుగా ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేసవిలో నేను 40 పేజీల పనిని పదేసి పేజీలుగా విడగొట్టి పంపుతున్నాను.